పెరటి ఈత కొలనుకు రోబో క్లీనర్: కొనే ముందు అడుగున ఏముందో చూడండి

మీరు ఇచ్చిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా వాటి మీదే నిలబడుతుంది. మీ కొలను 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. లోతు ఒక చివర 1.2 మీటర్లు, రెండో చివర 2.1 మీటర్లు. లోపలంతా నున్నటి మొజాయిక్ టైల్స్, లోతు తక్కువగా ఉన్న వైపు మూడు మెట్లు, పక్కనే ఒక పెద్ద చెట్టు, నీటిని వడకట్టడానికి ఇసుక ఫిల్టరు. మీరు ఊళ్ళో లేనప్పుడు 70 దాటిన మీ నాన్నగారే కొలనును చూసుకుంటారు. వైరుతో పనిచేసే రోబో కొనాలా, బ్యాటరీది కొనాలా. గోడలు ఎక్కే యంత్రానికి అదనంగా డబ్బు పెట్టడం అవసరమా. ఫోన్‌తో నడిపే సదుపాయం నిజంగా పనికొస్తుందా అని మూడు ప్రశ్నలు అడిగారు.

పద్నాలుగేళ్ళుగా ఈత కొలనుల నిర్వహణ పనిలో ఉన్నవాణ్ణి కనుక మూడింటికీ సూటిగానే జవాబు చెప్పగలను. అయితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి మీ ప్రశ్నలో లేదు. మీ కొలను అడుగున చేరుతున్న మురికి ఏ రకానిది? ఇసుకా, సన్నటి ధూళా, ఆకులా, పాకుడా? రోబో కొని నిరాశపడినవారిలో ఎక్కువమంది యంత్రం చెడ్డదై నిరాశపడలేదు. తమ మురికికి సరిపడని ఫిల్టరు, తమ టైల్స్‌కు సరిపడని బ్రష్షు ఉన్న యంత్రం తెచ్చుకోవడం వల్ల నిరాశపడ్డారు. ఈ రెండూ కుదిరిన సాదా రోబో, ఈ రెండూ కుదరని ఖరీదైన రోబో కంటే బాగా పనిచేయడం నేను చాలాసార్లు చూశాను.

మురికిని తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కరలేదు. రాత్రి పంపు ఆపేసి, ఎవరూ నీళ్ళలో దిగకుండా చూసుకొని, తెల్లవారాక పొడవాటి కర్ర చివర ఉన్న బ్రష్షుకు పాత తెల్ల బనీను గుడ్డ చుట్టి కొలను అడుగున రెండు మూడు మీటర్ల మేర నెమ్మదిగా లాగండి. ఆ గుడ్డను పైకి తీసి, తెల్లటి బకెట్టులో సగం నీళ్ళు పోసి అందులో పిండండి. ఇసుక అయితే క్షణాల్లో అడుగుకు చేరి, వేళ్ళ మధ్య నలిపితే గరగరమంటుంది. ఒండ్రు మట్టి అయితే నిమిషాలు పడుతుంది. బకెట్టు నీళ్ళు గంట గడిచినా కాస్త మబ్బుగానే ఉంటే అది అతి సన్నటి ధూళి. గుడ్డ మీద పచ్చగా, జిగటగా, వేలితో రాస్తే జారిపోయేలా ఉన్నది పాకుడు. ఆకులు ఎలాగూ కంటికి కనిపిస్తాయి గనుక వాటికి ఈ పరీక్ష అక్కరలేదు గాని, అవి ఏ పరిమాణంలో ఉన్నాయి, పుల్లలతో కలిసి పడుతున్నాయా, నీళ్ళలో నాని చిన్న ముక్కలవుతున్నాయా అన్నది మాత్రం గమనించాలి.

ఇప్పుడు ఫిల్టరు సంగతికి వద్దాం. రోబో లోపల ఒక చిన్న పంపు ఉంటుంది. అది అడుగు నుంచి నీటిని మురికితో సహా పీల్చి, లోపలి జల్లెడ గుండా పంపి, శుభ్రమైన నీటిని పై నుంచి గాని వెనక నుంచి గాని వదులుతుంది. మీ ఇసుక ఫిల్టరుతో, ప్రధాన పంపుతో దీనికి ఏ సంబంధమూ లేదు. పట్టిన మురికి అంతా రోబో బుట్టలోనే ఉంటుంది. ఆ జల్లెడ కన్ను ఎంత సన్నదో మైక్రాన్లలో చెబుతారు. పోలిక కోసం చెప్పాలంటే తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మామూలు బుట్టల కన్ను 150 మైక్రాన్లు, కొన్నిటిలో అంతకంటే పెద్దదిగా కూడా ఉంటుంది. సన్న ఫిల్టర్లయితే 50, 60 మైక్రాన్ల దగ్గర ఉంటాయి. 150 మైక్రాన్ల బుట్టతో ధూళిని పట్టాలనుకోవడం పిండి జల్లెడతో పొగను పట్టాలనుకోవడం లాంటిది. అలాంటి రోబోను నడిపేటప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే, అది ముందు నుంచి పీల్చిన ధూళినే వెనక నుంచి సన్నటి పొగలా వదులుతూ పోవడం ఎండ పడుతున్న చోట స్పష్టంగా కనిపిస్తుంది. పని పూర్తయ్యాక కొలను శుభ్రంగానే అనిపిస్తుంది. మరునాటి ఉదయానికి అదే ధూళి మళ్ళీ పరచుకొని ఉంటుంది. యజమాని మాత్రం రోబో ఆ మూలకు వెళ్ళలేదని నిందిస్తాడు.

అలాగని ఎప్పుడూ సన్న ఫిల్టరే వేసి ఉంచడం కూడా పొరపాటే. ఆకులు, ఇసుక, ధూళి కలిసి పడే చోట సన్న ఫిల్టరు అరగంటకే మూసుకుపోతుంది. నీటి ప్రవాహం తగ్గిపోతుంది, ప్రవాహం తగ్గితే పీల్చే శక్తీ తగ్గుతుంది, గోడ ఎక్కే శక్తీ తగ్గుతుంది. గోడ ఎక్కడం మానేసిందని నన్ను పిలిపించిన ఇళ్ళలో చాలా చోట్ల నేను చేసిన మరమ్మతు ఫిల్టరు కడగడమే. అందుకని మీలాంటి చెట్టు పక్క కొలనుకు రెండు రకాల ఫిల్టర్లనూ మార్చి మార్చి వేసుకోగలిగే యంత్రం కావాలి: ఆకులు ఎక్కువగా రాలే రోజుల్లో పెద్ద కన్ను బుట్ట, మిగతా రోజుల్లో సన్నది. కొన్ని యంత్రాల్లో ఈ రెండూ ఒకదానిలో ఒకటి అమరి ఉంటాయి, బయటి దాన్ని తీసేస్తే లోపలిదొక్కటే పనిచేస్తుంది. ఆ అమరిక నాకు బాగా నచ్చుతుంది. బుట్ట ఎక్కడి నుంచి తెరుచుకుంటుందన్నది కూడా చూడండి. పై మూత ఎత్తి బుట్టను పట్టుకొని బయటకు తీయగలిగితే నాన్నగారు ఒక్కరే చేసుకోగలరు. యంత్రాన్ని వెల్లకిలా తిప్పి అడుగు పలక విప్పి, గుడ్డ సంచిని తీసి ఉతకవలసిన పాత పద్ధతి యంత్రమైతే రెండో నెల నుంచి ఎవరూ కడగరు.

ఆకుల విషయంలో ఇంకొక మాట. పీల్చే నోరు ఎంత వెడల్పుగా ఉందో చూడకుండా బుట్ట పరిమాణం మాత్రమే చూసి కొనేవారున్నారు. నోరు ఇరుకైతే ఒక్క పుల్ల అడ్డం పడినా ఆ తరువాత వచ్చిన ఆకులన్నీ దాని మీదే పేరుకుంటాయి. అయినా సరే, చెట్టు కింద కొలనులో మొదటి చాకిరీ రోబోది కాదు, వలది. తేలుతున్న ఆకులను వలతో, నీటి పైపొరను లాగే స్కిమ్మరుతో తీసేశాక మునిగినవాటిని మాత్రమే రోబోకు వదలాలి. నీటి పైభాగాన్ని కూడా శుభ్రం చేసే రోబోలు ఇప్పుడు వస్తున్నాయి గాని, అడుగున తిరిగే యంత్రాల్లో ఎక్కువ భాగం తేలే ఆకును ముట్టుకోవు.

ఇక బ్రష్షు. మీ కొలనులో ఉన్నవి నున్నటి టైల్స్ కావడం వల్ల ఇది మీకు మిగతావారికంటే ముఖ్యం. సిమెంటు పూత ఉన్న గరుకు కొలనులో పీవీసీ పళ్ళ బ్రష్షు చక్కగా పట్టు దొరకబుచ్చుకుంటుంది. అదే బ్రష్షు గాజులాంటి టైల్ మీద జారుతుంది. టైల్స్‌కూ ఫైబర్‌గ్లాసుకూ సాధారణంగా సూచించేది పీవీఏ స్పాంజి బ్రష్షు. ఆరినప్పుడు ఎండిన రొట్టెలా గట్టిగా ఉండి, నీళ్ళలో నానగానే మెత్తబడి నున్నటి ఉపరితలానికి అతుక్కుంటుంది. నా వృత్తి మొదట్లో ఒక ఇంటివారికి మంచి పేరున్న పెద్ద రోబోనే ఎంపిక చేసి ఇచ్చాను. అడుగు భాగం తళతళలాడింది గాని, గోడ దగ్గరకు వచ్చేసరికి ముందు భాగం ఒక మూర ఎత్తుకు లేవడం, ఆగడం, జర్రున జారిపోవడం. మూడు రోజులు అదే తంతు. మోటారు బలహీనంగా ఉందనుకొని తిప్పి పంపడానికి సిద్ధపడ్డాం. చివరకు స్పాంజి బ్రష్షులు తెప్పించి, బకెట్టులో నానబెట్టి, పాతవి తీసి తొడిగితే అదే యంత్రం అదే రోజు నీటి గీత దాకా ఎక్కింది. తప్పు యంత్రానిది కాదు, టైల్స్ ఏ రకమో అడగకుండా ఎంపిక చేసిన నాది. స్పాంజి త్వరగా అరుగుతుంది. దాన్ని ఏడాదికో రెండేళ్ళకో మార్చవలసిన వస్తువుగానే లెక్క వేసుకోండి. మీ కొలను వినైల్ షీటు వేసినది అయి ఉంటే జాగ్రత్త మరో రకంగా ఉండేది: ముడతల దగ్గర రోబో తట్టుకొని ఆగిపోతుంది, పైగా అరిగిపోయిన చక్రాల అంచులు షీటును గీరతాయి.

గోడలు ఎక్కడం అవసరమా అన్న మీ రెండో ప్రశ్నకు ఒక చిన్న లెక్క చెబుతాను. మీ కొలను అడుగు వైశాల్యం సుమారు 50 చదరపు మీటర్లు. చుట్టుకొలత 30 మీటర్లు, సగటు లోతు 1.65 మీటర్లు కనుక గోడల వైశాల్యం 49.5 చదరపు మీటర్లు. అంటే గోడలు కూడా దాదాపు అడుగంత ఉన్నాయి. మట్టి, ఆకులు అడుగునే చేరతాయన్నది నిజమే గాని, పాకుడు మొదలయ్యేది ఎక్కువగా గోడల మీద, మూలల్లో, టైల్స్ మధ్య సందుల్లో. అది పల్చటి పొరగా ఉన్నప్పుడే వారానికి రెండుసార్లు రుద్దితే దానికి నిలదొక్కుకునే అవకాశం ఉండదు. చేత్తో రుద్దే ఓపిక ఉన్నవారికి గోడలు ఎక్కని రోబో చాలు. 70 దాటిన మనిషి కర్ర బ్రష్షుతో 30 మీటర్ల గోడ రుద్దాలనుకోవడం న్యాయం కాదు. మీకు గోడలు ఎక్కేదే కావాలి.

నీటి గీత సంగతి వేరు. ఒంటి నూనె, సన్‌స్క్రీను, గాలిలోని మసి అన్నీ తేలివచ్చి నీటి మట్టం దగ్గర టైల్స్ మీద జిడ్డు పట్టీలా అంటుకుంటాయి. గోడ ఎక్కుతుందని రాసినంత మాత్రాన ప్రతి రోబో ఆ పట్టీని రుద్దుతుందని అనుకోకండి. కొన్ని గోడ మధ్య దాకా వెళ్ళి దిగిపోతాయి; కొన్ని పైదాకా వచ్చి, అక్కడ కాసేపు పక్కకు జరుగుతూ రుద్ది అప్పుడు దిగుతాయి. ‘గోడ’, ‘నీటి గీత’ అనే రెండు మాటలూ వివరాల్లో విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. గోడ ఎక్కడం వెనక ఉన్న కిటుకు తెలిస్తే మీకే అర్థమవుతుంది: పంపు బయటకు చిమ్మే నీటి ధార రోబోను వెనక నుంచి గోడకు అదిమి పెడుతుంది, పీల్చుడు లోపలికి లాగుతుంది, బెల్టులో చక్రాలో పైకి నడిపిస్తాయి. యంత్రం తల నీటిపైకి రాగానే గాలి లోపలికి పోయి ధార బలం తగ్గుతుంది, బరువు పెరిగినట్టవుతుంది, అప్పుడు దిగిపోతుంది. అందుకే నీటి గీత దగ్గర నిలకడగా ఉండగలగడం మంచి రూపకల్పనకు గుర్తు.

వైరా, బ్యాటరీనా అన్నది ఇంట్లో ఎవరు వాడతారన్నదాన్ని బట్టి తేల్చాలి. వైరు ఉన్న రోబోకు గట్టు మీద ఒక పవర్ సప్లై పెట్టె ఉంటుంది. ఇంటి కరెంటును అది సుమారు 24 నుంచి 30 వోల్టుల డీసీగా మార్చి తేలే కేబుల్ ద్వారా పంపుతుంది. కరెంటు ఉన్నంతసేపూ బలం ఒకేలా ఉంటుంది, పని మధ్యలో ఆగదు, టైమరు పెట్టుకోవచ్చు. దీని పీడ అంతా కేబుల్‌దే. రోబో తిరిగిన ప్రతిసారీ కేబుల్ కొంచెం మెలి పడుతుంది. రెండు గంటల తరువాత చూస్తే జడ అల్లినట్టు చుట్టుకొని ఉంటుంది. అందుకు విరుగుడుగా మంచి యంత్రాల కేబుల్ మధ్యలో స్వివెల్ అనే తిరిగే కీలు ఉంటుంది. మీరు వైరుది కొంటే అది లేని దాన్ని తీసుకోవద్దని గట్టిగా చెబుతాను.

కేబుల్ పొడవు ఎంత కావాలో అమ్మేవారి మాట మీద వదలకుండా మీరే కొలవండి. పెట్టెను పొడవాటి గట్టు మధ్యలో, అంచుకు 3.5 మీటర్ల దూరాన పెట్టారనుకుందాం. అక్కడి నుంచి అంచుకు 3.5, అంచు నుంచి ఎదుటి మూలకు అడ్డంగా సుమారు 7.1, కిందికి 2.1, మొత్తం 12.7 మీటర్లు. కాస్త వదులు కలుపుకొంటే 15 మీటర్లు సరిపోతుంది. అదే పెట్టెను ఒక మూల దగ్గర పెడితే ఎదుటి మూలకు 11.2 మీటర్లు కనుక మొత్తం 16.8 అవుతుంది, 18 మీటర్ల కేబుల్ కావలసి వస్తుంది. పొడవు ఎక్కువైతే మంచిదే కదా అని 30 మీటర్లది తీసుకుంటే మిగిలిన కేబుల్ అంతా నీటి మీద తేలుతూ ముడులు పడటానికే పనికొస్తుంది. ఎక్కువైన భాగాన్ని నీళ్ళలోకి వదలకుండా గట్టు మీదే ఉంచాలి, అదీ గుండ్రంగా చుట్టకుండా సాగదీసి. పని పూర్తయ్యాక వారానికోసారి కేబుల్‌ను ఎండలో పొడవుగా పరిస్తే మెలికలు వాటంతటవే విడతాయి.

బ్యాటరీ రోబోకు ఈ బాధలేవీ లేవు. నీళ్ళలో వదిలితే పని చేసుకుంటుంది, వైరు దాటుకుంటూ నడవవలసిన పని లేదు, గట్టు దగ్గర ప్లగ్గు లేకపోయినా ఫరవాలేదు. సాధారణంగా గంటన్నర నుంచి మూడు గంటల దాకా నడుస్తుంది, మళ్ళీ నిండడానికి కొన్ని గంటలు పడుతుంది. చార్జి అయిపోయే ముందు గోడ పక్కకు వచ్చి ఆగేలా చాలావరకు తయారు చేస్తారు. అప్పుడు కొక్కెం ఉన్న కర్రతో దాన్ని పైకి లాగాలి. వాడిన ప్రతిసారీ తీయాలి, తుడవాలి, చార్జింగు సాకెట్టు పూర్తిగా ఆరిందని చూసుకొని అప్పుడు చార్జి పెట్టాలి. లిథియం బ్యాటరీని తడి సాకెట్టుతో గాని, మండుటెండలో గాని, మనిషి లేని గదిలో రాత్రంతా గాని చార్జి చేయకూడదు. దీనికి తోడు ఏ బ్యాటరీ అయినా ఏళ్ళు గడిచేకొద్దీ సామర్థ్యం కోల్పోతుంది. కొత్తలో రెండు గంటలు నడిచినది తరువాత గంటన్నరకు వస్తే మీ 100 చదరపు మీటర్లలో ఎంత మిగిలిపోతుందో ఆలోచించండి. బ్యాటరీ మార్చుకోగలిగే యంత్రమేనా, అది విడిగా దొరుకుతుందా అని కొనకముందే అడగాలి. సీలు వేసి మూసేసిన యంత్రమైతే బ్యాటరీతో పాటే యంత్రం ఆయుష్షు కూడా తీరుతుంది.

మీ ఇంటి పరిస్థితిలో నేనైతే వైరుదే తీసుకుంటాను. బ్యాటరీ రోబో చూడటానికి తేలిక గాని, వాడిన ప్రతిసారీ కొక్కెం కర్రతో లాగడం, సాకెట్టు ఆరిందో లేదో చూసి చార్జి పెట్టడం అనే రెండు పనులు పెద్దాయన మీద అదనంగా పడతాయి. మీది సాదా దీర్ఘచతురస్రపు కొలను కనుక కేబుల్‌కు చిక్కుకునే ద్వీపాలు, నిచ్చెనలు, మలుపులు లేవు. కొలను మధ్యలో వంతెనో, నీళ్ళలో కూర్చునే తిన్నెలో ఉండి ఉంటే ఇంత ధీమాగా చెప్పేవాణ్ణి కాదు.

ఫోన్, దారి పట్టే తెలివి గురించి. రోబోలు మూడు రకాలుగా తిరుగుతాయి. కొన్ని గోడకు తగిలినప్పుడల్లా ఏదో ఒక కోణంలో మళ్ళిపోతాయి. కొన్ని గైరోస్కోపు సాయంతో ఎంత కోణం తిరిగాయో తెలుసుకొని, దున్నినట్టు సాలు వెంబడి సాలుగా వెళ్తాయి. కొన్ని శబ్ద తరంగాలతో గాని కెమెరాతో గాని కొలను రూపాన్ని పసిగడతాయి. గైరోస్కోపు ఉన్నదానికీ లేనిదానికీ తేడా నిజంగానే ఉంటుంది: అది లేని యంత్రం అదే ప్రదేశానికి నాలుగుసార్లు వెళ్ళి, ఒక మూలను పూర్తిగా మరచిపోగలదు. గైరోస్కోపు దాటి పైకి వెళ్ళడానికి మాత్రం మీ కొలను ఆకారంలో కారణమేమీ కనబడటం లేదు.

ఫోన్ యాప్‌కు ఒక భౌతికమైన హద్దు ఉంది, దాన్ని అమ్మకందార్లు చెప్పరు. వైఫై, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను నీరు చాలా త్వరగా పీల్చేసుకుంటుంది. కొలను అడుగున ఉన్న బ్యాటరీ రోబోకు మీ ఫోన్ మాట వినబడదు. అందుకే అలాంటి యంత్రాల్లో చాలావాటికి నీళ్ళలో దించకముందే ఏం చేయాలో చెప్పాలి. వైరు ఉన్నవాటిలో ఆజ్ఞ గట్టు మీది పెట్టెకు చేరి కేబుల్ వెంట వెళ్తుంది కనుక అవి మధ్యలో కూడా మాట వింటాయి. వైరు రోబోతో పాటు యాప్ వస్తే మంచిదే, వేరే ఊరి నుంచి మీరు దాన్ని మొదలుపెట్టగలరు. కాని అప్పుడు నీళ్ళలో ఎవరూ లేరని ఎవరు చూస్తారు? రోబో పనిచేస్తున్నప్పుడు కొలనులో మనిషి ఉండకూడదన్నది తయారీదార్లందరూ రాసే నియమం. ఇంట్లో పిల్లలు ఉంటే దూరం నుంచి నడపడం మానేయమనే చెబుతాను. నాన్నగారు పెట్టె మీది ఒకే ఒక్క బొత్తాం నొక్కగలిగితే చాలు. బొత్తాం లేకుండా యాప్ మీదే పూర్తిగా ఆధారపడే యంత్రాన్ని మాత్రం వదిలేయండి.

కరెంటు జాగ్రత్తలు ఇక్కడే చెప్పేస్తాను. పవర్ సప్లై పెట్టెను అంచు నుంచి కనీసం 3 మీటర్లు, లేదా తయారీదారు చెప్పినంత దూరంలో, నీళ్ళు నిలవని ఎత్తైన చోట, నీడలో పెట్టాలి. ఆ ప్లగ్గుకు 30 మిల్లీఆంపియర్ల లోపే తెగిపడే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్) ఉండి తీరాలి. లేకపోతే రోబో కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి గట్టు మీద పడేయడం మహా ప్రమాదం. యంత్రాన్ని నీళ్ళలో ముంచకముందు స్విచ్ వేయకూడదు, ఎందుకంటే నీరు లేకుండా పంపు తిరిగితే దాని సీళ్ళు దెబ్బతింటాయి. దించేటప్పుడు వెల్లకిలా ముంచి, బుడగలు రావడం ఆగేదాకా అటూ ఇటూ ఊపి, అప్పుడు తిప్పి వదలండి. లోపల గాలి మిగిలిపోతే అది అడుగుకు చేరకుండా సగం లోతులో వేలాడుతూ ఉంటుంది, మనం చెడిపోయిందని కంగారు పడతాం.

ఖర్చు లెక్క కూడా కొంత ఉంది. రోబో 100 నుంచి 200 వాట్ల దాకా వాడుకుంటుంది. 150 వాట్ల యంత్రం రెండు గంటలు నడిస్తే 0.3 యూనిట్లు. ఒక హార్స్‌పవర్ ప్రధాన పంపు గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. ప్రధాన పంపు పీల్చుడు మీదే పనిచేసే పాత రకం క్లీనర్లు నడవాలంటే ఆ పంపు తిరుగుతూనే ఉండాలి, ఆ మురికంతా మీ ఇసుక ఫిల్టరులోకే వెళ్ళాలి, దాన్ని తరచూ బ్యాక్‌వాష్ చేసి (నీటిని వెనక్కి తోసి కడిగి) ఆ నీళ్ళు పారబోయాలి. రోబోతో ఆ భారం తగ్గుతుంది. అయితే రోబో ఉంది కదా అని ప్రధాన పంపు నడిపే గంటలను సగానికి కోసేసినవారిని చూశాను. నీళ్ళు కలిసి తిరగకపోతే క్లోరిన్ అన్ని మూలలకూ చేరదు, పది రోజుల్లో కొలను పచ్చబడుతుంది.

ఆ మాటకొస్తే పచ్చబడిన కొలనులోకి రోబోను దించడం దాన్ని హింసించడమే. పాకుడు జిగురుకు ఫిల్టరు నిమిషాల్లో మూసుకుపోతుంది, బెల్టులు జారతాయి. ముందు క్లోరిన్‌తో షాక్ ఇచ్చి (అంటే ఒకేసారి ఎక్కువ మోతాదు వేసి), చేత్తో రుద్ది, చచ్చిన పాకుడు అడుగుకు చేరాక చాలా భాగాన్ని గొట్టం ద్వారా నేరుగా బయటకు పంపేసి, క్లోరిన్ మామూలు స్థాయికి వచ్చాక మాత్రమే మిగతా సన్నటి పొడిని సన్న ఫిల్టరు వేసిన రోబోకు అప్పగించాలి. షాక్ ఇచ్చిన రోజు రోబో నీళ్ళలో ఉంటే రబ్బరు భాగాలు, స్పాంజి త్వరగా పాడవుతాయి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7.2, 7.8 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో చెప్పే లెక్క) మధ్య నిలిపి ఉంచే పని ఎప్పటిలాగే మీది, నాన్నగారిది.

మెట్ల గురించి అపోహ వద్దు. మీ మూడు మెట్లలో నీటి లోతు రోబో ఎత్తు కంటే తక్కువ ఉన్న పై మెట్టు మీదికి అది రాదు, వస్తే గాలి పీల్చి అక్కడే కూలబడుతుంది. ఆ మెట్లను వారానికోసారి కర్ర బ్రష్షుతో కిందికి రుద్ది వదిలితే మిగతాది అది చూసుకుంటుంది. అడుగున నీళ్ళు పోయే రంధ్రం మూత పైకి ఉబ్బి ఉంటే దాని మీద ఎక్కి కొన్ని యంత్రాలు బొడ్డు మీద తాబేలులా ఇరుక్కుపోతాయి. మూత ఎత్తు కొలిచి, అంతటి అడ్డంకిని దాటుతుందా అని అడగండి.

విడిభాగాల విషయంలో నేను కాస్త మొండివాణ్ణి. బ్రష్షులు, బెల్టులు, ఫిల్టర్లు, చక్రాలు మనమే విప్పి మార్చుకోగలిగేవిగా ఉండాలి, వాటి పేర్లూ నంబర్లూ కొనకముందే దొరకాలి. మోటారు ఉన్న భాగానికి సీలు వేసి ఉంటుంది, అది పోతే ఇంట్లో చేయగలిగింది లేదు. అందుకే వారంటీ కాగితంలో మోటారుకు, పవర్ సప్లైకి, కేబుల్‌కు విడివిడిగా ఎంత కాలం రాశారో చదవండి. ‘మూడేళ్ళ వారంటీ’ అని పెద్ద అక్షరాలతో ఉండి, కేబుల్‌కు ఒక్క ఏడాదే ఉండవచ్చు, నిజానికి ముందుగా దెబ్బతినేది చాలాసార్లు కేబులే.

మిగిలింది బరువు. సగటు రోబో పొడిగా 8 నుంచి 12 కిలోలు ఉంటుంది, నీళ్ళతో నిండినప్పుడు ఇంకా ఎక్కువ. నాన్నగారికి ఈ పద్ధతి నేర్పండి: కేబుల్ పట్టుకొని మెల్లగా గోడ దగ్గరకు లాగి, చేతికి అందగానే కేబుల్ వదిలేసి పిడి పట్టుకొని, యంత్రం సగం నీటిపైకి వచ్చాక పది పదిహేను క్షణాలు అలాగే పట్టుకొని ఉంటే లోపలి నీళ్ళు అడుగు నుంచి కారిపోతాయి, అప్పుడు గట్టు మీదికి తీయాలి. కేబుల్‌తోనే పైకి లాగితే లోపలి తీగలు తెగుతాయి. చక్రాల బండి తోడుగా వచ్చే యంత్రమైతే తీసిన వెంటనే దాని మీద పెట్టి నీడకు తోసేయవచ్చు. నీళ్ళలోనే వదిలేస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. రోజూ అలా వదిలేసిన రోబోల ప్లాస్టిక్ ఎండకూ క్లోరిన్‌కూ పాలిపోయి, బెల్టులు సాగిపోయి, రెండేళ్ళకే ముసలివైపోవడం చూశాను. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ రెండు గంటలు నడిపి, బయటకు తీసి, బుట్ట ఆరకముందే మంచినీళ్ళతో కడగమనండి. ఎండిపోయిన ఒండ్రు జల్లెడ కన్నుల్లో సున్నంలా గట్టిపడితే ఆ తరువాత ఎంత కడిగినా పోదు.

ముందు ఆ తెల్ల గుడ్డ పరీక్ష చేసి, బకెట్టులో ఏం కనిపించిందో ఇక్కడే రాయండి. ఎన్ని మైక్రాన్ల ఫిల్టరుతో మొదలుపెట్టాలో దాన్ని బట్టి చెబుతాను.